బాంబరు ముక్కుపై బొమ్మ

కోలారు పేరు వినినంతనే మనవారికి బంగారము స్ఫురించును. అది సహజమే. చెన్నపట్టణమునుండి బెంగుళూరికి పోవు రైలు బంగారుపేటలో నిలిచినపుడు, అచ్చటినుండి మారికుప్పమునకు చీలిపోవు కొమ్మదారిని చూచి, జాన్ టెయిలరు కంపెనీవారు 1880లో త్రవ్వనారంభించిన గనులను, 1902లో శివసముద్రమునుండి వచ్చిన విద్యుచ్ఛక్తిని, రెండు మైళ్లకు చేరువైన లోతును, తుదకు 2001 ఫిబ్రవరి 28వ తేదీని పడిన మూతను తలచుకొననివారు తక్కువ. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, గనిలో తమిళము వినబడు ఈ సీమకు ఇంతకంటె వేఱు కీర్తి యక్కఱలేదని పలువురి యభిప్రాయము. అయినను బంగారముతో నెట్టి సంబంధమును లేని చిన్న పుట యొకటి కోలారు చరిత్రలో కలదు. అది రంగుడబ్బాలకును, కుంచెలకును, సైనికుల వేళాకోళమునకును సంబంధించినది.

1942 ఏప్రిలు 6వ తేదీని విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపానువారి బాంబులు పడిన సంగతి మన తీరమువారు మఱచునట్టిది కాదు. బర్మా చేజాఱినది, కలకత్తా బెదరుచుండెను. శత్రువునకు సులభముగా నందని మైసూరు పీఠభూమిపై బరువైన విమానములను నడపుట నేర్పవలసిన యవసరము బ్రిటిషువారికి కలిగెను. కోలారు విమానాశ్రయమున రాయల్ ఎయిర్ ఫోర్సువారి 1673వ శిక్షణ యూనిటు లిబరేటరు అను నాలుగింజనుల బాంబరులపై కుఱ్ఱవాండ్రకు చేయి కుదుర్చుచుండెను. 1944 నవంబరు 8వ తేదీని ఆ యూనిటులోని వారితోనే అచ్చట 358వ స్క్వాడ్రను ఏర్పడినది. కోలారులో పుట్టిన యీ దళము బంగాళమునకు తరలి, 1945 జనవరి 13న ఎనిమిది విమానములతో మాండలేపై బాంబులు వైచి, అటుపిమ్మట ఆ పనినే మానుకొని, సయాము, ఇండోచైనా, మలయా దేశములలో రాత్రివేళ గూఢచారులను, సరకులను పారాచూటులతో దించు పనికి మఱలింపబడెను. 1945 నవంబరు 21న రద్దు చేయబడెను. ఆయుర్దాయము ఒక సంవత్సరము పదుమూడు దినములు. కోలారు బంగారుగనులకు ఇరువది మైళ్ల లోపున ఇట్టి యొక జననము జరిగినదని మనలో నెందఱికి తెలియును?

ఆ లిబరేటరులో ఎనమండుగురో, పదిమందియో కూర్చుండి, పదునైదు గంటలు సముద్రముపైనను అడవిపైనను ఎగిరి, తిరిగివచ్చుటయో రాకుండుటయో తటస్థించెడిది. ప్రభుత్వమువారు ఆ విమానమునకు ఇచ్చినది ఒక సంఖ్య మాత్రమే. సంఖ్యతో ప్రాణమును పంచుకొనుట మనుష్యునకు కష్టము. కావున ఈ రంగమున పనిచేసిన సైనికులు విమానపు ముందుభాగమున తమకు తోచిన బొమ్మ వ్రాసి, దాని క్రింద తమకు నచ్చిన పేరు పెట్టుకొనిరి. దీనిని వారు తమ భాషలో ముక్కుబొమ్మ యనిరి. వ్రాసినవారు చిత్రకళాశాలలలో చదివినవారు కారు. వారిలో నొకడు ఇంజను బాగుచేయు మెకానిక్కు, మఱియొకడు బాంబులెత్తు కార్పొరలు, వేఱొకడు యుద్ధమునకు ముందు దుకాణపు సైనుబోర్డులు వ్రాసికొని బ్రదికినవాడు. విషయములును గంభీరములు కావు: తగినంత బట్ట లేని యువతి, సినిమాలోని బాతు, కుందేలు, ఊరిపేరుపై శ్లేష, పై యధికారిపై కొంటెమాట.

లెక్క వ్రాయుటలోను వారికి నవ్వే. ఒక్కొక్క దాడికి ఒక్కొక్క చిన్న బాంబు గుర్తు వేయుట వాడుక. ఐరోపాలో ఇటలీపై దాడి చేసివచ్చిన కొందఱు బ్రిటిషు వైమానికులు బాంబునకు బదులు ఐస్‌క్రీము గుర్తు వేసిరి. ఇటలీవారి ఐస్‌క్రీము ప్రసిద్ధము గదా! మన దేశమున ఖరగపూరు ప్రాంతమునుండి హిమాలయములను దాటి చైనాకు పెట్రోలు మోసిన అమెరికను బాంబరులపై, దాటిన ప్రతిసారికి ఒక ఒంటె బొమ్మ వెలసెను. కొండలను వారు మూపురమని పిలిచిరి. మూపురమున్న జంతువు ఒంటె. యుద్ధము చేయ వచ్చి బరువులు మోయుచున్నామను ఫిర్యాదు అంత క్లుప్తముగా ఏ అర్జీలోనైనను వ్రాయగలమా? లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్సు మ్యూజియమునందున్న లాంకాస్టరు విమానముపై వారు మఱింత చమత్కరించిరి. శత్రువిమాన మేదియు జర్మనీపై ఎగురజాలదని గోరింగు పలికిన ప్రగల్భమును, 130కి పైబడిన దాడుల గుర్తులతోడనే, ఆయన పేరుతో సహా వ్రాసి ఉంచిరి. ప్రతివాది వాఙ్మూలమునే వాది తన ఎగ్జిబిటుగా దాఖలు చేసినట్టి దిది. ఇంతకు మించిన క్రాస్ పరీక్ష ఏ న్యాయస్థానమునను జరిగియుండదు.

వీరి కళలో చౌర్యమునకు దోషము లేదు. చైనాలో పోరాడిన అమెరికను స్వచ్ఛందదళపు విమానముల ముక్కున కోఱలు తెఱచిన సొరచేప నోరు లోకప్రసిద్ధము. ఆ నోటిని వారు ఆఫ్రికాలోని బ్రిటిషు 112వ స్క్వాడ్రను ఛాయాచిత్రమును చూచి వ్రాసికొనిరి. బ్రిటిషువారు దానిని జర్మనుల విమానములనుండి గ్రహించిరి. చంపుకొనువారు బొమ్మను మాత్రము చేతులు మార్చుకొనిరి. కాపీరైటు దావా ఎవ్వరును వేయలేదు.

ఇట్టి బొమ్మలన్నియు మెచ్చదగినవే యని నేను చెప్పబోను. వానిలో అశ్లీలము హెచ్చు. శత్రువును మనుష్యునిగా గాక కోతిగాను ఎలుకగాను చిత్రించిన బొమ్మలు జపానువారి విషయమున మెండుగా కలవు. అందు హాస్యముకంటె జాతిద్వేషమే కనబడును. కాని తన స్థితినే చూచి తాను నవ్వుకొన్న సైనికుని బొమ్మ వేఱు. మన తోలుబొమ్మలాటలో రామరావణయుద్ధము ముమ్మరముగా సాగుచుండగా కేతిగాడును బంగారక్కయు ఎచ్చటినుండియో ఊడిపడుదురు. వారు వాల్మీకిలో లేరు. వారిని ఎవరు రానిచ్చిరని ప్రేక్షకుడు అడుగడు. రాకున్నచో తెల్లవాఱువఱకు ఆ యుద్ధమును చూచుట మాత్రము ఎవనితరము? లిబరేటరు ముక్కుపై బొమ్మయును అట్టి కేతిగాడే. కట్టుచున్న ఇంటికి వ్రేలాడగట్టు దిష్టిబొమ్మ వికారముగా నుండుటకు గల కారణమును అందు కొంత కలదు.

దండులో క్రమశిక్షణ ప్రాణము. చక్రవర్తి సొత్తుపై అనుమతి లేక రంగు పూయుట, విచారించి చూచినచో, శిక్షార్హమైన పని. అయినను పై యధికారులు చూచియు చూడనట్లుండిరి. ఐరోపాలోకంటె బర్మా రంగమున ఈ యుపేక్ష మఱింత యుదారము. 1944లో అమెరికను వైమానికదళము ఈ యలంకరణములను అంగీకరించుచు ఉత్తరువునే జారీచేసెను. ఆపలేని యలవాటును ఆచారముగా నొప్పుకొనుట న్యాయశాస్త్రములో పాత పద్ధతియే.

అంతకుముందును ఇట్టి వ్యాజ్యములు నడచినవి. మొదటి యుద్ధమున బ్రూస్ బెయిర్న్స్‌ఫాదరు అను వార్విక్‌షైరు పటాలపు అధికారి బురదకందకములో నుండి గోడలపై బొమ్మలు వ్రాయ నారంభించెను. ఆయన సృష్టించిన బిల్లు అను మీసముల ముసలి సిపాయి 1915లో పత్రికకెక్కినపుడు, మన వీరులను ఇట్లు మోటుగా చూపవచ్చునా యని పెద్దలు నొచ్చుకొనిరి. కొలదికాలమునకే యుద్ధశాఖవారు ఆయననే అధికార చిత్రకారునిగా చేసి మిత్రరాజ్యముల సేనలకు పంపిరి. 1916 ఫిబ్రవరిలో ఈప్రా పట్టణపు శిథిలములలో దొఱకిన అచ్చుయంత్రముతో షెర్‌వుడ్ ఫారెస్టర్సు పటాలమువారు ఒక హాస్యపత్రికను అచ్చువేసి, మృత్యువునకే ప్రకటనలు వ్రాసిరి. రెండవ యుద్ధమున బిల్ మాల్డిను అను అమెరికను సార్జంటు గీసిన గడ్డము గీసికొనని విల్లీ, జో అను సిపాయిలను చూచి జనరల్ పాటన్ మండిపడి, 1945 మార్చిలో ఆ కుఱ్ఱవానిని పిలిపించి చీవాట్లు పెట్టెను. ఐసెన్‌హోవరు కుఱ్ఱవాని పక్షము వహించెను. ఆ సంవత్సరమే మాల్డినునకు పులిట్జరు బహుమానము వచ్చినది. అప్పటికి ఆతని వయస్సు ఇరువదిమూడు. సేనాపతి గడ్డమును చూచెను. సర్వసేనాధిపతి గడ్డము వెనుకనున్న అలసటను చూచెను.

ఇచ్చట న్యాయవాదులను వేధింపదగిన ప్రశ్న యొకటి కలదు. ఆ బొమ్మ ఎవరిది? రోమను ధర్మశాస్త్రజ్ఞులు దీనిని పట్టుకొని చిరకాలము వాదించిరి. ఒకని కాగితముపై మఱియొకడు బంగారు టక్షరములతో కావ్యము వ్రాసినను ఆ యక్షరములు కాగితపు స్వామికే చెందునని 533లో వెలువడిన జస్టీనియను ధర్మసంగ్రహము. (పత్రికారచయితలకు ఇది కంటగింపుగా నుండవచ్చును.) చిత్రము విషయమున మాత్రము తీర్పు వేఱు. పరుని పలకపై చిత్రము వ్రాసినచో పలకయే చిత్రమును అనుసరింపవలెను గాని చిత్రము పలకను అనుసరింపరాదట. అపెల్లీసు వంటి మహాచిత్రకారుని కృతి ఒక చవుకపలకకు లొంగుట హాస్యాస్పదమని వారి హేతువు. గాయస్ ఈ పక్షము. పౌలస్ దీనికి ప్రతికూలము. జస్టీనియను గాయస్‌ను సమర్థించెను. కాని చిత్రకారుడు పలక వెల చెల్లింపవలెనని షరతు కలదు. ఈ న్యాయమును లిబరేటరునకు వర్తింపజేసినచో, రంగుడబ్బాతో నిచ్చెన యెక్కిన కార్పొరలు దిగునప్పటికి నాలుగింజనుల బాంబరునకు స్వామియై దిగును! వెల చెల్లింపుమనినచో మూడు లక్షల డాలర్లకు చేరువ. ఆతని జీతములో అది పట్టదు. లిబరేటరు చవుకపలక కాదని పౌలస్ పక్షమువారు లేచి వాదింతురు. నేను గాయస్ పక్షమున వకాల్తా పుచ్చుకొనుటకు సిద్ధముగా నున్నాను.

అయితే యుద్ధము ముగిసిన పిమ్మట పౌలసే గెలిచెను. 1941 మార్చి 11న అమెరికాలో శాసనమైన లెండ్-లీజు చట్టము క్రింద వచ్చిన ఈ విమానములు బ్రిటిషువారికి అరువు సొత్తు. పని తీఱిన తరువాత తిరిగి యప్పగింపవలెను. లేదా పనికిరాకుండ చేయవలెను. కాన్పూరులో వరుసగా నిలిపిన లిబరేటరుల ఇంజనులలో ఇసుక పోసిరి, పరికరములు పగులగొట్టిరి, రేకులు చీల్చిరి. పలకతోపాటు బొమ్మయు పోయినది. కాగితములపైనున్న ఉత్తరువులు మాత్రము దస్తావేజుశాలలలో భద్రముగా నున్నవి. ఎవరు ఎవరికి ఏమి యాజ్ఞాపించిరో అవి చెప్పును. ఆజ్ఞ విన్నవాడు వెనుదిరిగి ఏమనుకొనెనో ఆ ముక్కు చెప్పవలసియుండెను.

బొమ్మ మిగులుట కొందఱకే పట్టిన యదృష్టము. రొనాల్డు సర్లు అను ఆంగ్ల సైనికుడు 1942లో సింగపూరున చిక్కి, చాంగీ చెఱలోను, సయాము-బర్మా రైలుదారిపైనను ఉండి, పట్టుబడిన ప్రాణాపాయమని యెఱిగియు బొమ్మలు వ్రాసెను. వానిని కలరాతో చచ్చుచున్న తోడివారి పడకల క్రింద దాచెను. దాదాపు మూడువందల చిత్రములు లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియము చేరినవి. ఆ రైలుదారిపైననే మలయా తోటలనుండి తోలుకొనిపోబడిన కూలీలు వేనవేలుగా మడిసిరి. వారిలో తమిళులు హెచ్చు, తెలుగువారును కలరు. కోలారులో పుట్టిన 358వ స్క్వాడ్రను రాత్రివేళ సంచరించినది ఆ సయాము ఆకాశముననే. క్రిందనున్న మన కూలీకి కాగితము లేదు, కుంచె లేదు, తెచ్చి దాచు మ్యూజియము లేదు. ఆతడును నవ్వెననుటకు నాకు సందేహము లేదు. నవ్వక ఒక్క దినమైనను అచ్చట బ్రదుకుట సాధ్యము కాదు.

కోలారు గనులలోనే ఇందుకు ప్రతిరూపము కలదు. 1930లో గని కార్మికులందఱును వ్రేలిముద్రలు వేయవలెనని కంపెనీవారు శాసించిరి. కార్మికులు ఇరువదియొక్క దినములు సమ్మెచేసిరి. తన యిష్టమున వేసికొనిన గుర్తు వేఱు, పరులు వేయించుకొనిన గుర్తు వేఱు. ఒంటెబొమ్మ మొదటిది, వ్రేలిముద్ర రెండవది. దస్తావేజుశాలలు ప్రాయికముగా రెండవదానినే దాచుచుండును.

ఇక లిబరేటరుల కథలో మనవారి పాలు చెప్పవలసియున్నది. అది చిన్నది కాదు. 1940 డిసెంబరులో వాల్‌చందు హీరాచందు బెంగుళూరున స్థాపించిన హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు కర్మాగారము 1943లో అమెరికను వైమానికదళపు మరమ్మతుశాలగా మాఱెను. గాయపడిన విమానములు అచ్చటికి వచ్చెడివి. చీలిన రేకుకు అతుకు వేసినది మన కార్మికుడు. యుద్ధానంతరము, ఆ సంస్థ పైలటు జంషెడ్ కైకొబాద్ మున్షీ కాన్పూరున పాడుచేయబడియున్న విమానములను ఒక్కొక్కదానిని ఎగురగలిగినంత మాత్రము సరిచేయించుకొని, తొమ్మిదివందల మైళ్లకు పైబడిన దారిని బెంగుళూరికి నడిపించుకొని వచ్చెను. అట్లు తెచ్చినవి దాదాపు నలువది. ఇది నమ్మశక్యము కాని సాహసము. దీనిపై ఒక సినిమా ఇంతవఱకు రాకపోవుట వింత. కర్మాగారమువారు వానిని పునరుద్ధరించి, 1948 నవంబరునుండి భారత వైమానికదళమునకు ఇచ్చిరి. అవి 1968 వఱకు పనిచేసెను. పాత రంగులు గోకివేయబడి, మూడు వన్నెల చక్రము వెలసెను. స్వతంత్రదేశపు సైన్యమునకు తన గుర్తు తనకు కావలెను. దానికి ఆక్షేపణ లేదు.

ఆక్షేపణ అటుతరువాతి దానికి. ప్రపంచములో లిబరేటరులు మిగులుటకు మన దేశమే ముఖ్యకారణమైనందున, ఇచ్చటినుండి వానిని పశ్చిమదేశములవారు కొనిపోయిరి. 1974లో మనవారు బ్రిటిషు మ్యూజియమునకు బహూకరించిన విమానము 1945లో కోకస్ దీవులలో 99వ స్క్వాడ్రనులో పనిచేసినది. అది తన ప్రాచ్యరంగపు వేషముననే నిలిచియున్నది. ఇది న్యాయము. అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషనువారి విమానము కథ వేఱు. అది 1944 ఆగస్టులో ఫోర్టువర్తున తయారై, బ్రిటిషువారి చేతిలో ఆగ్నేయాసియాయుద్ధము చేసి, మన దేశమున విడువబడి, మనవారి చేతిలో మరల ప్రాణము పోసికొని, ఇరువది యేండ్లు మన సేవ చేసి, సముద్రము దాటెను. 1989లో మరల ఎగిరినపుడు దానిపై ‘ఆల్ అమెరికన్’ అని వ్రాసిరి. పిమ్మట ముక్కునుండి తోకవఱకు ఒక మహాసర్పమును చిత్రించి ‘డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్’ అనిరి. ఆ బొమ్మ మొదట పసిఫికు రంగమున సార్కిసు బార్టీజియను అను సైనికుడు వేఱొక విమానముపై వ్రాసినది. అరిజోనాలోని కింగ్‌మాను తుక్కుదొడ్డిలో వేలకొలది విమానములను కరగించునపుడు, ఆ బొమ్మను చెఱుప మనసొప్పక పనివారు దానిని చివరివఱకు ఉంచిరని విమానచరిత్రకారులు చెప్పుదురు. 2005లో ఈ సర్పమును తుడిచి, ఇంగ్లండునుండి 130 దాడులు చేసిన మఱియొక విమానపు పేరు ‘విచ్‌క్రాఫ్ట్’ అని వ్రాసిరి.

ఇట్లు ఒకే విమానము మూడు పేర్లను ధరించినది. బర్మా రంగపు పేరు ఒక్కటియు లేదు. పోయినవారి నవ్వును గౌరవించుటకే ఇట్లు చేసితిమని వారందురు, సదుద్దేశమును శంకింపను. కాని ఒకని సాక్ష్యమును వేఱొకని నోట పలికించుట సాక్ష్యశాస్త్రమునకు సమ్మతము కాదు. గాయస్ చెప్పినట్లు పలక బొమ్మను అనుసరింపవలసినదే యైనచో, బొమ్మ పోయిన పలకను బోసిగానైన ఉంచవలెను. లేదా ఆ పలక నడచిన త్రోవలో వ్రాయబడిన బొమ్మనే వెదకి వ్రాయవలెను.

అట్టి బొమ్మలు వెదకినచో దొరకును. విమానము ముందు నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనుట ఆనాటి సైనికులకు పరిపాటి; అందు ముక్కుబొమ్మ తప్పక పడును. బెంగుళూరు కర్మాగారమున 1943 మొదలు 1945 వఱకు పనిచేసిన మనవారి యిండ్లలోను, కోలారు, బంగారుపేట, రాబర్ట్‌సన్‌పేటల పాత కుటుంబముల పెట్టెలలోను, అట్టి పటములు చెదలకు విడువబడియుండవచ్చును. గనులు మూతపడిన 2001లోనే ఆగస్టులో బెంగుళూరున హెచ్.ఏ.ఎల్. వారు తమ విమాన మ్యూజియమును తెఱచిరి. పటము వెనుక తేదీయు, తీసిన చోటును వ్రాసి, ఒక నకలు అచ్చటికి పంపినచో పోస్టు ఖర్చుకంటె ఎక్కువ కాదు.